అన్నవిక్రయం: పూటకూళ్ళింటి నుంచి ఉగ్గాని బండి దాకా

కిందటి సంవత్సరం పదో తరగతి పిల్లలకు 'కన్యాశుల్కం' కథ చెబుతున్నాను. పాఠానికి కావలసినంతే చెప్పి ఊరుకోవచ్చు గాని, గిరీశం ప్రవేశం చెప్పకుండా ఆ నాటకం సంగతి ఎత్తడం నాకు చేతకాదు. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు తీసుకుని, ఆ డబ్బు మధురవాణి కింద ఖర్చుపెట్టిన ఘనుడి సంగతి చెప్పేసరికి క్లాసంతా నవ్వింది. నవ్వని పిల్ల ఒకతె లేచి "ఆయమ్మ పేరేంది సార్?" అని అడిగింది. పూటకూళ్ళమ్మ అన్నాను. "అది ఆయమ్మ చేసే పని గద సార్. పేరేంది?" అంది. ఆ పిల్ల తల్లి మా ఆలూరులో రోడ్డు పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జీల బండి పెట్టుకుని బతుకుతుంది.

నా దగ్గర జవాబు లేదు. ఎం.ఏ. చదివే రోజుల్లో 'కన్యాశుల్కం' మీద వచ్చిన వ్యాసాలు దొరికినన్ని చదివాను. గిరీశం వాచాలత, మధురవాణి ఔన్నత్యం, సౌజన్యారావు సంస్కారం, బుచ్చమ్మ అమాయకత్వం – వీటి మీద పరీక్షల్లో పేజీలకు పేజీలు రాశాను. ఈ ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. నాటకంలో బైరాగికీ, హెడ్డు కనిస్టీబుకూ కూడా పేర్లు లేవు, నిజమే. కాని వాళ్ళకు ఆ వేషమూ, ఆ ఉద్యోగమూ ఒక గౌరవం. పూటకూళ్ళమ్మకు ఆమె పని పేరు కావడం గౌరవం వల్ల కాదు. గురజాడను తప్పుపట్టవలసిన పని లేదు. సంఘం ఆమెను ఏమని పిలిచిందో ఆయన అదే రాశాడు. 1897లో మొదట అచ్చయి, 1909లో పూర్తిగా మారి మళ్ళీ వచ్చిన ఆ నాటకాన్ని ఇన్నేళ్ళుగా చదువుతున్న మనం అడగకపోవడమే ఆలోచించవలసిన సంగతి.

పూటకూళ్ళిల్లు, కాఫీ హోటలు, మెస్సు, జాతరలో బజ్జీల అంగడి, రోడ్డు పక్క బండి – వీటి చరిత్ర రాయబోతే మన వాళ్ళ కలం ముందుగా వంటకాల మీదికి పోతుంది. ఏ ఊళ్ళో ఏది రుచి, ఏ నూనె, ఏ పొడి అని. నాకూ రుచుల మీద ద్వేషం లేదు. అయితే డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టడమనేది మన సంఘంలో చిన్న విషయం కాదు. అన్నవిక్రయం పాపమని శాస్త్రాలు చెప్పాయి. దానం చేస్తే పుణ్యం, అమ్ముకుంటే పాపం. "అన్నం అమ్ముకుని బతుకుతున్నారు" అనేది మొన్న మొన్నటి దాకా తిట్టు. తెలుగుదేశంలో అన్నదాతగా పూజలందుకున్న డొక్కా సీతమ్మగారి పేరు (1841–1909) లంకల గన్నవరం నుంచి రాష్ట్రమంతటా వ్యాపించింది. ఆమెకు సమకాలికురాలనుకోదగిన పూటకూళ్ళమ్మ పేరు విజయనగరంలోనే ఎవరికీ అక్కర లేకపోయింది. ఇద్దరూ పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళే. ఒకరికి పొలం ఉంది, ఒకరికి లేదు.

ఇక వెనక్కి వెళదాం. పదిహేనో శతాబ్దిది అనుకుంటున్న 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు వీధుల వర్ణన సాహిత్య విద్యార్థులందరికీ తెలిసినదే. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక రోజంతా ఆ నగరంలో తిరుగుతారు. అందులో ఒక భోజనం సంగతి వస్తుంది. మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు – ఇదంతా ఒక్క రూకకు. సురవరం ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఈ కావ్యాన్ని ఎంతగా వాడుకున్నారో చదివినవారికి గుర్తుండే ఉంటుంది. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, తిండినీ బట్టనూ ఆటపాటలనూ చరిత్ర అన్న ఆ పుస్తకం 1949లో వచ్చింది, 1955లో సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. మా తరం దాని రుణం తీర్చుకోలేదు.

ఆ రూక భోజనం పెట్టిన ఇంటి యజమాని పేరు పద్యంలో ఉంది. లక్ష్మణవజ్ఝల. మగవాడు, ఇంటివాడు, బ్రాహ్మణుడు గనుక కవి ఆయన పేరు చెప్పాడు. ఆ నెయ్యి కాచింది ఎవరు, గోధుమపిండి పిసికింది ఎవరు అనేది కవికి పట్టలేదు. అప్పుడే కాచిన నెయ్యి అని అంత శ్రద్ధగా గమనించినవాడికి కాచిన చేయి కనిపించకపోవడం విచిత్రమే.

శ్రీనాథుడి పేర వ్యాప్తిలో ఉన్న చాటువుల్లో ఇంకొక సాక్ష్యం ఉంది. విజయనగర ఆస్థానం చుట్టూ తిరిగి విసిగిన కవి కన్నడ రాజ్యలక్ష్మితో తన కష్టాలు మొరపెట్టుకుంటాడు. టోపీ పెట్టుకోవలసి వచ్చింది, వెల్లుల్లి వేసిన నువ్వులపిండి తినవలసి వచ్చింది, చల్లటి అంబలి తాగవలసి వచ్చింది అంటాడు. ఈ బాధల పట్టికలో ఒక చిన్న మాట దొర్లింది. వడ్డించినది ఒక విధవ అని. కవి దృష్టిలో అది కూడా ఒక అవమానమే. చాటువు చదివి మనం నవ్వుకుంటాం. కాని ఇంటికి దూరంగా వచ్చిన మగవాడికి కూడు వండి పెట్టే విధవ తెలుగు పద్యంలో అప్పటికే ఉందన్నమాట. గిరీశానికి అన్నం పెట్టిన ఆమె అక్కడి నుంచి నడిచి వచ్చింది.

ఈ నడకకు కారణం ధర్మశాస్త్రంలోనూ ఉంది, ఆస్తి హక్కులోనూ ఉంది. మొగుడు పోయిన ఆడదానికి పుట్టింట భాగం లేదు, మెట్టింట మహా అయితే మనోవర్తి. వితంతు వివాహాన్ని 1856లో చట్టం అంగీకరించింది. వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి పెళ్ళి చేయించింది 1881లో. విధవకు భర్త ఆస్తిలో ఏదో ఒక హక్కు చట్టం ఇచ్చింది 1937లో, పూర్తి హక్కు 1956లో. ఈ మధ్యకాలమంతా నడివయసు విధవ చేతిలో ఉన్న ఒకే ఒక విద్య వంట. అదైనా మడి కట్టుకోగల కులంలో పుట్టిన విధవకే పనికివచ్చింది. అగ్రవర్ణపు చేతి వంట అందరూ తింటారు గనుక ఆమె కులమే ఆమెకు పెట్టుబడి, ఆమె వైధవ్యమే ఆమెకు శిక్ష. ఈ రెండూ కలిసిన చోట పూటకూళ్ళిల్లు వెలిసింది.

ఈ దృష్టితో 'కన్యాశుల్కం' మళ్ళీ చదివితే ఆ ఇరవై రూపాయలు వేరుగా కనిపిస్తాయి. అవి సంత సామాను డబ్బు. ఆమె వ్యాపారంలో తిరిగే పెట్టుబడి అది. అది పోతే పొయ్యి వెలగదు. ఆమె చీపురుకట్టతో మధురవాణి ఇంటికి వచ్చి మంచం కింద గిరీశాన్ని వెతికితే, దెబ్బ రామప్పంతులుకు తగిలితే, ప్రేక్షకుడు విరగబడి నవ్వుతాడు. నేనూ నవ్వాను. అప్పు ఎగ్గొట్టిన ఖాతాదారు మీద ఒక చిన్న వ్యాపారస్తురాలు చేసిన వసూలు ప్రయత్నం అది. కోర్టుకు పోలేదు, పెద్దమనుషుల దగ్గరికి పోలేదు. పోతే మొదట విచారణ జరిగేది ఆమె శీలం మీద. చీపురుకట్ట కాక ఆమెకు మిగిలింది ఏమిటి?

పూటకూళ్ళింటికి రాని ప్రయాణికులు కూడా ఉండేవారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి, కడప మీదుగా అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుంటూ హైదరాబాదు దాటి కాశీ వెళ్ళారు. మజిలీ మజిలీకి ఆ ఊళ్ళో అంగళ్ళలో సామాను దొరుకుతుందా, దిగడానికి సత్రం ఉందా, నీటి వసతి ఏమిటి అని రాసుకుంటూ పోయారు. ఆయన వెంట పెద్ద పరివారం. వంట తమదే. ఆయనకు కావలసింది సామాను గాని భోజనం కాదు. అప్పటి పెద్దమనిషి ప్రయాణంలో పరాయి చేతి అన్నం ఎంత తప్పనిసరి అయితే తప్ప లోపలికి రాదో 'కాశీయాత్ర చరిత్ర' చూస్తే అర్థమవుతుంది.

దీన్ని మార్చింది రైలు. మద్రాసు నుంచి వచ్చిన దారీ, బొంబాయి నుంచి వచ్చిన దారీ 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. మా ఆదోని ఆ దారి మీదిదే. నల్లరేగడి పత్తి రైలెక్కింది. జిన్నింగు మిల్లులు, దలాళ్ళు, దుకాణాలు వచ్చాయి. ఆదోనికి 'రెండో బొంబాయి' అనే పేరు ఊరికే రాలేదు. బేరానికి వచ్చిన సేటూ, బండి తోలుకొచ్చిన రైతూ, బస్తాలు మోసే హమాలీ – ముగ్గురికీ మధ్యాహ్నం ఆకలేస్తుంది. ముగ్గురూ ఒక చోట కూర్చుని తినే ఏర్పాటు మాత్రం లేదు. దక్షిణాదిలో రైలు స్టేషన్లలోనే బ్రాహ్మణులకు వేరు, ఇతర హిందువులకు వేరు భోజనశాలలు ఉండేవి. ఆవిరి యంత్రం నడిపిన కంపెనీ పంక్తిభేదం కూడా నడిపింది.

ఆ తరవాత కాఫీ వచ్చింది, కాఫీతో ఉడిపి వచ్చింది. మాధ్వ మఠాల వంటశాలల్లో చెయ్యి తిరిగినవాళ్ళు పడమటి కోస్తా నుంచి పట్టణాలకు దిగి హోటళ్ళు పెట్టారు. ఇక్కడ ఒక చిన్న మాయ గమనించాలి. వాళ్ళు మొదట అమ్మింది ఎక్కువగా అన్నం కాదు, ఫలహారం. మాటలోనే ఉపాయం ఉంది. అన్నానికి మడి ఉంది, పంక్తి ఉంది. ఇడ్లీ, దోసె, ఉప్మాలను ఫలహారం అనేస్తే ఆ నియమం కొంచెం పక్కకు జరుగుతుంది. ఆచారం చెడకుండా అంగడి నడవడానికి భాష దారి ఇచ్చింది. ఇది నా ఊహ. భాషాశాస్త్రం చదివినవాళ్ళు సరిచేస్తే సంతోషిస్తాను.

ఉడిపి హోటలుతో పూటకూళ్ళమ్మ కథ ముగిసింది. పెట్టుబడి పెద్దదయింది, బల్లలు వచ్చాయి, గల్లాపెట్టె వచ్చింది, వంట మగవాడి వృత్తి అయింది. ఇంటి వంట ఆడదానిది, జీతం వంట మగవాడిది. విధవ మళ్ళీ అన్నగారి ఇంటి వంటగదిలోకి పోయింది, ఈసారి కూలి లేకుండా.

హోటలు తలుపు తెరిచింది, అంతవరకు అది మంచే చేసింది. గల్లాపెట్టె ముందు కాసు ఇచ్చినవాడు బల్ల దగ్గర కూర్చోవచ్చు అనే సూత్రం భూస్వామ్య సంఘానికి కొత్తది. అయితే ఆ సూత్రాన్ని మన హోటలు సగమే అమలు చేసింది. బోర్డు మీద 'బ్రాహ్మణ' అనే మాట చాలాకాలం నిలిచింది. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డు మీద ఆ మాట తీయించడానికి పెరియారు ద్రావిడ కళగం వాళ్ళు నెలల తరబడి పికెటింగు చేసి జైళ్ళకు పోయారు. అప్పటికి రాజ్యాంగం వచ్చి ఏడేళ్ళు. పదిహేనో అధికరణం హోటళ్ళ పేరెత్తి చెప్పింది, పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టమైతే ఇంకా లోతుకు దిగి, హోటల్లో అందరి కోసం ఉంచిన పాత్రలను వాడుకోనివ్వకపోవడం కూడా నేరమంది. గ్లాసు సంగతి పార్లమెంటుకు తెలుసు. ఆ చట్టమే 1976లో పౌరహక్కుల రక్షణ చట్టం అయింది. ఇరవై అయిదేళ్ళ తరవాత, 2001లో, జస్టిస్ పున్నయ్య కమిషన్ తన నివేదికలో మన రాష్ట్రంలో రెండు గ్లాసుల పద్ధతి నడుస్తున్నదని రాయవలసి వచ్చింది.

మా ప్రాంతం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లావి. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన రోజున మేము ఇటు వచ్చాం, బళ్ళారి అటు పోయింది. నోటి రుచి మాత్రం విడిపోలేదు. ఉగ్గాని ఇందుకు సాక్షి. బొరుగులను నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పసుపుతో తిరగమోత పెట్టి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడితే అది ఉగ్గాని. కన్నడం వాళ్ళు దీన్ని మండక్కి ఒగ్గరణె అంటారు. ఒగ్గరణె అంటే తిరగమోతే. ఆ మాటే మా నోట నలిగి ఉగ్గాని అయిందనుకుంటాను. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఉపాధ్యాయ మిత్రులు మొదటి రోజు దీన్ని చూసి "బొరుగులు తడిపి తింటారా?" అని ఆశ్చర్యపోతారు. మూడో నెలకు పొద్దున్నే బండి దగ్గర నాకంటే ముందు ఉంటారు.

జొన్న, కొర్ర పండే నేల మీద బియ్యపు బొరుగుల ఫలహారం ఎలా నిలిచిందనేది నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న. ఇంట్లో తినేది జొన్నరొట్టె, సంగటి. వాటికి పొయ్యి, ఓపిక, చేతి బలం కావాలి. బొరుగులు అలా కాదు. సంచిలో తెచ్చి పెట్టుకుంటే చెడవు, ఒక బాండలి ఉంటే చాలు, నిమిషాల్లో సిద్ధం. తక్కువ పెట్టుబడితో అంగడి పెట్టదలచుకున్న మనిషికి అంతకన్నా అనుకూలమైన సరుకు లేదు. పైగా అది అన్నం లెక్కలోకి రాదు. ఉడిపి హోటలు ఇడ్లీతో చేసిన పనిని మా పేద ఆడది బొరుగులతో చేసింది. పూటకూళ్ళమ్మ పోయిన చోటికి ఈమె వచ్చింది. ఈసారి అగ్రవర్ణపు విధవ కాదు. బోయ, కురువ, వడ్డె, మాల, మాదిగ, దూదేకుల – ఏ కులంలోనైనా మొగుడి సంపాదన చాలని ఆడది. ఆమె కులం ఆమెకు పెట్టుబడి కాదు. అందుకే ఆమె ఎవరి పేట దగ్గర బండి నిలబెడుతుంది, ఎవరు కొంటారు, ఎవరు కొనరు అనే లెక్క ఇప్పటికీ ఉంది. ఆ లెక్క బయటికి ఎవరూ చెప్పరు.

డబ్బు సంగతి కూడా కలపాలి. చేలో కూలి మా వైపు చాలాకాలం గింజల రూపంలో ముట్టింది. గింజలు ఇచ్చి టీ తాగలేం. మిల్లు కూలి, మగ్గం కూలి మాత్రం డబ్బు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారి చొరవతో 1938లో చేనేత సహకార సంఘం ఏర్పడింది. వారానికింత అని చేతిలో డబ్బు పడే మనుషులు ఉన్న చోట టీ అంగళ్ళు లేస్తాయి. పల్లెల్లో అవి ఆలస్యంగా వచ్చాయి. వచ్చీ రాగానే అక్కడి సంఘం వాటిని తన పద్ధతిలోకి మలుచుకుంది.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1990 ప్రాంతంలో, నేను ఆరో ఏడో చదువుతున్నప్పుడు, బడి ఆటల పోటీలకు మమ్మల్ని ఆదోనికి తీసుకుపోయారు. ఓడిపోయాం. తిరిగి వచ్చేటప్పుడు స్టేషను దగ్గర ఒక ముస్లిం పెద్దాయన చాయ్ హోటల్లో మేము ఆరుగురం ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆరు కప్పులు ఒకే పళ్ళెంలో వచ్చాయి. ఎవరి కప్పు ఎవరిదో ఎవరూ చూడలేదు. నా పక్కన కూర్చున్నవాడు మాదిగ పేట నుంచి వచ్చేవాడు, మా జట్టులో అందరికన్నా బాగా ఆడేవాడు. సాస‌ర్లో పోసుకుని ఊదుకుంటూ తాగాడు. మర్నాడు పొద్దున మా ఊరి హోటలు ముందు వాణ్ణి చూశాను. ఆ హోటలుకు పందిరి గుంజకు ఒక మేకు ఉండేది, మేకుకు రెండు సత్తు గ్లాసులు. వాడు గ్లాసు తీసుకున్నాడు, పైనుంచి టీ పోశారు, తాగి, కడిగి, మళ్ళీ మేకుకు తగిలించాడు. నేను లోపల బెంచీ మీద గాజు గ్లాసుతో ఉన్నాను. వాడు నా వైపు చూసి నవ్వాడు. నేను గ్లాసులోకి చూశాను.

ఆ హోటలు యజమాని చెడ్డవాడని నేను రాయలేను. అడిగితే "నాదేముంది, ఊరు ఒప్పుకోదు" అనేవాడు. కాసుకు కులం లేదంటారు గాని, ఆ ఊళ్ళో కాసు కూడా పైనుంచి వేయవలసిందే. నేను ఈ సంగతి ఇన్నేళ్ళలో ఒక్క కథగా రాయలేదు. రాస్తే నేను ఎక్కడ కూర్చున్నానో రాయాలి. కారంచేడు (1985) చెరువు నీళ్ళ దగ్గర మొదలైంది, చుండూరు (1991) సినిమా హాల్లో మొదలైంది. ఆ మాట వేదికల మీద చెప్పడం నాకు సులభం. మా ఊరి మేకు సంగతి చెప్పడానికి నలభై దాటవలసి వచ్చింది.

ఇప్పుడు ఆ మేకు లేదు. ఉద్యమాలు కొంత, చట్టం కొంత, బయట చదువుకుని వచ్చిన పిల్లలు కొంత కారణం. కాని మా చుట్టుపక్కల నేను గమనించినంతలో మేకును పీకిన ముఖ్య కారణం వేరు. కాగితం కప్పు. అందరికీ ఒకసారి తాగి పారేసే కప్పు వచ్చాక ఎవరి గ్లాసు ఎవరు కడగాలనే ప్రశ్న రాలేదు. యజమానికి ఊరితో పోట్లాట తప్పింది, ఊరికి మనసు మార్చుకునే శ్రమ తప్పింది. బెంచీ మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు కప్పు పట్టుకుని రోడ్డు దాటి చెట్టు కిందికి పోయారు అనేది ఇప్పటికీ నిలబడి చూడవలసిన దృశ్యమే. కథకులు అటు చూడాలి.

జాతరలను కూడా తలుచుకోవాలి, ఎందుకంటే హోటలు లేని కాలంలో బయటి తిండి అంటే జాతరే. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర జాతర, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న, దసరా రాత్రి దేవరగట్టు. కర్రలు పట్టుకుని మనుషులు కొండెక్కే ఆ రాత్రి కింద పొద్దు పొడిచే దాకా బజ్జీల నూనె కాగుతూనే ఉంటుంది. జాతర అంగట్లో పంక్తి లేదు, నిలబడి తినడమే. కాగితంలో కట్టిన బొరుగులకు గ్లాసు అక్కరలేదు. బహుశా అందుకే జాతర తిండి మీద మా వాళ్ళకు అంత మోజు. పీర్ల పండుగనాడు మలీద ముద్ద చేతిలో పెడితే ఏ కులం పిల్లవాడూ వద్దనడు. అది దేవుడి పేర వచ్చింది గనుక చెల్లింది. మర్నాడు అదే చేతి వంట అదే పిల్లవాడి ఇంట్లోకి పోదు.

మంత్రాలయం కథ కూడా పళ్ళెం కథే. రాఘవేంద్రస్వామి 1671లో అక్కడ బృందావన ప్రవేశం చేశారు. ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ స్వామిని పరీక్షించడానికి గుడ్డ కప్పిన పళ్ళెంలో మాంసం పంపితే, గుడ్డ తీసేసరికి పళ్ళు ఉన్నాయనీ, నవాబు లొంగి ఆ ఊరు ఇచ్చాడనీ మఠ సంప్రదాయం చెబుతుంది. భక్తులకు అది మహిమ. అందులో నేను జోక్యం చేసుకోను. కాని మూడున్నర శతాబ్దాలుగా మా ప్రాంతం ఇష్టంగా చెప్పుకుంటున్న ఈ కథలో రెండు మతాల పెద్దమనుషులు కలుసుకోవడానికి పళ్ళెంలోని పదార్థం మారవలసి వచ్చింది. ఎవరి పదార్థం మారిందో గమనించండి.

జొన్న సంగతి ఇంకో రకం విడ్డూరం. పల్నాటి జొన్నకూడును చూసి ఈసడించుకున్న చాటువులు శ్రీనాథుడి పేర ఉన్నాయి. మా తాతల కాలంలో జొన్న మాకు పేదరికం గుర్తు. 1876–78 నాటి ధాత కరువులో బళ్ళారి సీమ ఆ జొన్న కూడా లేక పిట్టల్లా రాలిపోయింది. కరువు పనికి వచ్చిన కూలికి రోజుకు ఒక పౌను గింజలు చాలునని రిచర్డ్ టెంపుల్ నిర్ణయిస్తే, చాలదని డాక్టర్ కార్నిష్ వాదించవలసి వచ్చింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చి మా ఇళ్ళలో రెండు పూటలా అన్నం ఉడికింది. అది అవమానం తీరిన అన్నం, దాన్ని ఎవరూ చులకన చేయకూడదు. ఇప్పుడు చక్కెర జబ్బు వచ్చిన ఆదోని షావుకారు సాయంత్రం కారు దిగి రోడ్డు పక్కన జొన్నరొట్టెలు కట్టించుకుని పోతున్నాడు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. పట్టణాల్లో తిండి పండుగలు పెట్టి, పూలు చల్లి కొర్రన్నం వడ్డించారు. ఆ పండుగలకు పోయివచ్చిన మిత్రుడొకడు మన సంస్కృతి తిరిగి వచ్చిందని ఉత్తరం రాశాడు. కొర్ర పండించే మా మండలాల్లో చలికాలం రాగానే కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప చేలకు వలసపోతాయి. మా బడి హాజరుపట్టీ చూస్తే ఏ వారం ఏ ఊరు ఖాళీ అయిందో చెప్పవచ్చు. ఆ తిరిగి వచ్చిన సంస్కృతిని ఎవరు తింటున్నారో చూడమని జవాబు రాశాను.

మా బడిలో మధ్యాహ్న భోజనం ఉంది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది, మన రాష్ట్రంలో 2003 నుంచి అమలైంది. మన ప్రాంతంలో అన్ని కులాల పిల్లలూ రోజూ ఒకే వరసలో కూర్చుని తినే చోటు ఇంతకు ముందు ఎప్పుడైనా ఉండిందా అని ఆలోచిస్తే నాకు తట్టలేదు. ఆ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మగారి పేరు. మంచిదే. వండే ఆడవాళ్ళకు 2019లో వెయ్యి నుంచి పెంచి నెలకు మూడు వేల గౌరవవేతనం అన్నారు. వేతనం అనకుండా గౌరవవేతనం అనడంలో అన్నవిక్రయం పాపమన్న పాత వాసన నాకు తగులుతుంది. అన్నం పెట్టే చేయి డబ్బు అడగకూడదు, ఇస్తే గౌరవంగా పుచ్చుకోవాలి. కాగితాల్లో వాళ్ళు వంట ఏజెన్సీ. పిల్లల నోట ఆయా.

ఈ మధ్య ఫోను పట్టుకుని ఊరూరా తిరిగి తిండి అంగళ్ళను కనిపెట్టే యువకులు మా దాకా వచ్చారు. ఉగ్గాని బండిని చుట్టుముట్టి, బజ్జీ విరిచి ఆవిరి చూపించి, ఆంటీ చేతి రుచి అద్భుతమని చెప్పి పోయారు. వాళ్ళను నేను తప్పు పట్టను. వాళ్ళ వల్ల వారం రోజులు ఆమె బేరం పెరిగింది. కాని క్రీడాభిరామ కవి నెయ్యిని చూసినట్టే వాళ్ళూ బజ్జీని చూశారు. పూటకూళ్ళమ్మ, ఆయా, ఆంటీ. పిలుపు మారింది.

క్లాసులో అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నాను గనుక, పిల్లలందరికీ ఒక పని ఇచ్చాను. బయట కొనుక్కుతిన్న ఒక తిండి గురించి, అది వండిన మనిషిని అడిగి రాయమన్నాను. చాలామంది వంట చేసే విధానం రాసుకొచ్చారు. ఆ పిల్ల నోటుపుస్తకంలో వేరే సంగతులు ఉన్నాయి. అమ్మ తెల్లారి నాలుగింటికి లేస్తుంది. బొరుగులు ఆదోని నుంచి వస్తాయి, నూనె అప్పు మీద. పొడి బొరుగులు తడిపే నీళ్ళు బోరింగు నుంచి మూడు బిందెలు, రెండు నేను మోస్తాను. మిరపకాయలు చీల్చిన చేతులు రాత్రి మండుతాయి. కొందరు తిని రేపిస్తాం అంటారు, పేర్లు గోడ మీద బొగ్గుతో రాసి ఉన్నాయి. మొదటి వరసలో తల్లి పేరు ఇంటిపేరుతో సహా రాసి కింద గీత గీసింది.

వీధి వ్యాపారుల రక్షణకు 2014లో చట్టం వచ్చింది. గుర్తింపు కార్డు ఇవ్వాలి, దాని మీద వ్యాపారస్తురాలి పేరు ఉండాలి. ఆ ధైర్యంతో నేను బండి దగ్గరికి పోయి, ఒక పత్రికకు వ్యాసం రాస్తున్నాననీ, అందులో ఆమె పేరు వేస్తాననీ చెప్పాను. ఆమె బాండలిలో నుంచి చూపు తీయకుండా, "ఒద్దు సార్, పేరు రాస్తే ఎవరన్నా వచ్చి బండి తీయమంటారు" అంది.